పాఠకుల ప్రశ్నలు: పాత కోర్టులో ఏం చూడాలి?

ప్రశ్న: మా అబ్బాయి సెయింట్ లూయిస్‌లో ఉంటాడు. గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద ఉక్కు తోరణం ఎదురుగా ఉన్న పాత కోర్టు మ్యూజియానికి తీసుకెళ్తానంటున్నాడు. స్వేచ్ఛ కోరుతూ డ్రెడ్ స్కాట్ అనే నల్లజాతి బానిస వేసిన కేసు నడిచిన గది అలాగే ఉందా? మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేను.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ గది లేదండి, తర్వాతి మార్పుల్లో పోయింది. పై అంతస్తులో బల్లలు, కటకటాలతో కనిపించే కోర్టు హాళ్లు పునరుద్ధరించినవి. అవే అసలువనుకుని ఫొటోలు దిగి వచ్చేవాళ్లే ఎక్కువ. మరమ్మతుల తర్వాత 2025 మేలో మళ్లీ తెరిచారు. అప్పుడు లిఫ్టు కూడా పెట్టారు కాబట్టి మెట్ల బెంగ అక్కర్లేదు. ప్రవేశం ఉచితం. ఆర్చ్ పైకి తీసుకెళ్లే ట్రామ్‌కు మాత్రం విడిగా టికెట్ కొనాలి. అక్కడ విమానాశ్రయంలోలా తనిఖీ ఉంటుంది, సమయం చేతిలో ఉంచుకోండి.

లోపలికి వెళ్లేముందు బయటి మెట్ల దగ్గర ఓ నిమిషం ఆగండి. చనిపోయినవారి ఆస్తులు పంచేటప్పుడు వాళ్ల బానిసలను ఆ మెట్ల మీదే వేలం వేసేవారు. స్వేచ్ఛ కోరుతూ బానిసలు వేసిన దావాలు సెయింట్ లూయిస్ కోర్టుల్లో 300 పైనే. వేలమూ, విముక్తి దావాలూ ఒక్క భవనంలోనే! డ్రెడ్, హారియెట్ స్కాట్ దంపతుల కంచు విగ్రహం బయటే ఉంది, 2012లో పెట్టారు.

ప్రశ్న: స్వేచ్ఛా రాష్ట్రంలో (బానిసత్వాన్ని నిషేధించిన చోట) నివసించిన బానిసకు విముక్తి ఇవ్వడం అప్పటికే మిస్సోరి కోర్టుల ఆనవాయితీ కదా, మరి స్కాట్ మొదటి విచారణలో ఎందుకు ఓడిపోయాడు?
– ఒక లా విద్యార్థి, వరంగల్

జవాబు: సాక్ష్యంలో లొసుగు వల్ల. 1846 ఏప్రిల్‌లో భార్యాభర్తలిద్దరూ వేర్వేరుగా దావాలు వేశారు. బానిసత్వం నిషిద్ధమైన ఇల్లినాయిలో, ఫోర్ట్ స్నెల్లింగ్ సైనిక స్థావరంలో నివాసం ఉన్నట్టు చూపించడం కష్టం కాలేదు. కానీ తమ యజమాని భార్య, అప్పటికి వితంతువైన ఐరీన్ ఎమర్సన్ తమను బానిసలుగా పట్టి ఉంచిందని కూడా రుజువు చేయాలి. ఆమె దగ్గర స్కాట్‌లను అద్దెకు తీసుకున్న శామ్యూల్ రస్సెల్ సాక్షి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అసలు సంగతి బయటపడింది: మాట్లాడుకుంది ఆయన భార్య, ఆయన డబ్బు కట్టాడంతే. దాంతో ఆయన చెప్పింది వినికిడి సాక్ష్యంగా మారింది. 1847లో జ్యూరీ ఎమర్సన్ పక్షాన తేల్చింది. స్కాట్ తరఫు వకీళ్లు పునర్విచారణ కోరారు. 1850 జనవరిలో ఈసారి రస్సెల్ భార్య సాక్ష్యంతో లొసుగు పూడింది, జ్యూరీ స్కాట్‌కు విముక్తి ఇచ్చింది. 1852లో రాష్ట్ర సుప్రీంకోర్టు తన పాత తీర్పుల ఒరవడినే పక్కనపెట్టి దాన్ని తిరగేసింది. 1857లో దేశ సుప్రీంకోర్టు 7–2తో స్కాట్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అదే ఏడాది మే 26న స్కాట్ తొలి యజమాని కొడుకు టేలర్ బ్లో ఆ కుటుంబానికి విముక్తి పత్రం ఇచ్చాడు, అదీ ఈ కోర్టులోనే. స్కాట్ 1858 సెప్టెంబరులో చనిపోయాడు.

ప్రశ్న: గుమ్మటం రాతిదా, ఇనుముదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇనుముదే, 1860ల మొదట్లో పూర్తయింది. వాషింగ్టన్ కాపిటల్ ఇనుప గుమ్మటం పని జరుగుతున్న రోజులే అవి. నడిమి హాలులో నిలబడి తలెత్తి చూస్తే కార్ల్ వైమర్ చిత్రాలు కనిపిస్తాయి. తర్వాతి కాలంలో వాటి మీద మళ్లీ రంగులు పూశారు, అందుకే ప్రతి గీతా వైమర్‌దే అనుకోవద్దు.