వర్చువల్ మెషీన్‌లో గేమింగ్: కార్డు సంగతి తర్వాత, ముందు మదర్‌బోర్డు చూడు

లినక్స్ వదలకుండా, విండోస్‌ని వర్చువల్ మెషీన్‌లో (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టి, సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు దానికే అప్పజెప్పి గేమ్స్ ఆడొచ్చా, ఏ కార్డు కొనాలి అని అడిగావు. ఆడొచ్చు తమ్ముడూ, కావలిలో మా ఇంట్లో నేను రెండేళ్ళుగా ఆడుతున్నా. కానీ నీ మదర్‌బోర్డు ఏదో నువ్వు రాయనేలేదు, అసలు తిప్పలన్నీ అక్కడే.

నాది రైజన్ 5 3600 ప్రాసెసర్. దాంట్లో సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి లినక్స్‌కి ఒక కార్డు, విండోస్‌కి ఇంకోటి కావాలి. పాత జీటీ 710 కార్డు ఎలాగూ ఉంది, చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి వాడిన జీటీఎక్స్ 1660 సూపర్ బేరమాడి కొని, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కావలి దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చా. పాతది పై స్లాట్‌లో ఉంది కదా, దాన్నెందుకు కదిలించడం అని కొత్తది కింది స్లాట్‌లో పెట్టా. అదే తప్పు.

ఐఓఎంఎంయూ అంటే ఏ పరికరం ఏ మెమరీని తాకొచ్చో కాపలా కాసే హార్డ్‌వేర్. అది పరికరాల్ని గ్రూపులుగా చూస్తుంది. గ్రూపులో ఒకదాన్ని వీఎంకి ఇవ్వాలంటే మిగతావాటిని కూడా లినక్స్ వదులుకోవాల్సిందే. నా బోర్డులో కింది స్లాట్ చిప్‌సెట్ (మిగతా పరికరాల్ని ప్రాసెసర్‌కి కలిపే చిప్) మీదుగా పోతుంది, అందుకని కార్డు, నెట్‌వర్క్, డిస్కులు తగిలించే సాటా కంట్రోలర్ అన్నీ ఒకే గ్రూపులో పడ్డాయి. 'గ్రూప్ నాట్ వయబుల్' అని ఎర్రర్ వస్తుంటే విసుగొచ్చి, గ్రూపులో ఉన్నవన్నీ వీఎంకి ఇచ్చేసి స్టార్ట్ నొక్కా. మౌస్ బాణం ఉన్నచోటే బిగుసుకుపోయింది. లినక్స్ ఉన్న ఎస్‌ఎస్‌డీ ఆ సాటా మీదే ఉందని అప్పుడు వెలిగింది నాకు! కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే ఇదే.

లినక్స్ కెర్నల్‌కి (దాని గుండెకాయకి) ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ అని ఒక మార్పు వేసుకోమని చాలామంది చెబుతారు. అది గ్రూపుల్ని నిజంగా విడగొట్టదు, విడిగా ఉన్నాయని కెర్నల్‌ని నమ్మిస్తుంది, అంతే. నాకు మనసొప్పలేదు. రెండు కార్డుల్నీ తారుమారు చేశా. పై స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కి కలిసి ఉంటుంది కాబట్టి నా బోర్డులో అక్కడ కార్డు ఒంటరిగా ఒక గ్రూపులో వచ్చింది. ఒంటరి అన్నానే గానీ ఆ కార్డు లినక్స్‌కి నాలుగు పరికరాలుగా కనిపిస్తుంది: గ్రాఫిక్స్, ఆడియో, ఇంకో రెండు యూఎస్‌బీవి. నాలుగింటినీ, పరికరాల్ని వీఎంకి అప్పజెప్పే విఎఫ్ఐఓ డ్రైవర్‌కి కట్టేస్తేనే వీఎం లేచింది. మానిటర్‌కి రెండు కార్డుల నుంచీ రెండు కేబుళ్ళు, వెనకాల బటన్ నొక్కి అటూ ఇటూ మార్చుకుంటా.

వీఎంలో ఉన్నానని తెలిస్తే ఎన్విడియా డ్రైవర్ కోడ్ 43 అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుందని పాత ట్యుటోరియల్స్‌లో భయపెడతారు, అది పట్టించుకోకు. 2021లో వచ్చిన 465 డ్రైవర్ నుంచి ఎన్విడియా వాళ్ళే వీఎంలో జీఫోర్స్ (వాళ్ళ గేమింగ్) కార్డుల్ని అనుమతించారు. గేమ్ మధ్యలో కుదుపులొస్తే మాత్రం కోర్లు పిన్ చేయాలి, అంటే ఫలానా కోర్లు వీఎంకే అని కట్టేయాలి. నా ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ రెండు నంబర్లుగా కనిపిస్తుంది: 0కి జత 6, 1కి జత 7, అలా జతలు చెడకుండా నాలుగు కోర్లు విండోస్‌కి ఇచ్చాక గానీ ఆట నున్నగా నడవలేదు.

ఇంత చేశాక ఎండాకాలం సెలవులకి మా మేనల్లుడు ఒంగోలు నుంచి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, వాలరెంట్ గేమ్ పెట్టాడు. "మామా, ఇందులో ఆడనివ్వట్లేదు" అన్నాడు. మోసం చేసి ఆడేవాళ్ళని పట్టే దాని యాంటీచీట్ ప్రోగ్రామ్ వాన్‌గార్డ్ వీఎంని ఒప్పుకోదు. దాన్ని ఏమార్చే అడ్డదారులు ఉన్నాయంటారు, అకౌంట్ పోగొట్టుకోవాలని ఉంటే చేసుకో.

నువ్వు ఆడే గేమ్స్ స్టీమ్ ప్రోటాన్‌లో (విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లోనే నడిపించేది) నడుస్తుంటే అసలీ గోలంతా వద్దు, డబ్బు మిగుల్చుకో. నడవకపోతే, బయోస్‌లో ఐఓఎంఎంయూ, ఎస్‌వీఎం (ఏఎండీ ప్రాసెసర్లలో వీఎంలు నడపనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, గ్రూపుల లిస్టు తీసి ఇక్కడ పెట్టు. కొత్త బోర్డే కొనేటట్టయితే లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పో, షాపులోనే బూట్ చేసి గ్రూపులు చూపించమను. మొహమాటపడితే రెండోసారి రైలెక్కాలి.