లిఫ్టులో దిగిన నాన్న

అమ్మాయీ,

నీ కథ చదివాను. చనిపోయిన నాన్న చొక్కా జేబులో కూతురికి పాత బస్సు టికెట్లు దొరికే చోటు బాగుంది, దాన్ని ముట్టుకోకు. కానీ ఏడో పేజీలో ఆయన్ని వేరే లోకం నుంచి లిఫ్టులో దించావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. పైగా "మనం తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఒక కొత్త లోకం పుడుతుంది, ఇది రుజువైంది" అని డాక్టరు చేత చెప్పించావు. ఎవరు చెప్పారమ్మా నీకు?

'ఎన్నో లోకాలు' అన్న ఆలోచన తెచ్చిన అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎవరెట్ 1957లో అన్నది అది కాదు. అణువుల్లాంటి చిన్నవాటికి ఏమేం ఫలితాలు రావచ్చో అన్నీ కలిపి చెప్పే లెక్కని తరంగ ప్రమేయం అంటారు. కొలవగానే అది కూలిపోయి ఒకే ఫలితం మిగులుతుందనే మాట, అది ఎలా మారుతుందో చెప్పే ష్రోడింగర్ సమీకరణంలో లేదు, పైనుంచి తగిలించారు, అది తీసేస్తే ఫలితాలన్నీ ఒక్కో శాఖగా మిగులుతాయి, చూసేవాడూ వాటితో పాటే చీలిపోతాడు అన్నాడు. నీ కథలో నాన్న బస్సెక్కాలా వద్దా అని తేల్చుకోవడంతో దానికి పనిలేదు. అదే నిజమని కూడా ఎవరూ తేల్చలేదు. 1952లోనే బోమ్ అనే ఇంకో భౌతిక శాస్త్రవేత్త ఒకే లోకంతో లెక్క సరిపెట్టాడు.

సరే, ఎవరెట్‌నే నమ్ముదాం. శాఖలు విడిపోయాక చుట్టూ ఉన్న గాలి అణువులూ కాంతికణాలూ ఆ తేడాను తలా ఇంత మోసుకుపోతాయి. దాన్నే డీకోహెరెన్స్ అంటారు. మళ్లీ కలపడం అయ్యే పని కాదు. అక్కణ్ణుంచి ఇక్కడికి లిఫ్టు కాదు కదా, మిస్డ్ కాల్ కూడా రాదు. నీ కథకున్న బలమంతా అదే! ఆయన ఎక్కడో బతికే ఉన్నాడు, కూతురికి మాత్రం దొరకడు. ఇంత దుఃఖం చేతికొస్తే, కూర్చోబెట్టి కాఫీ ఇప్పించావు.

సంపాదకులకి ఇవే కావాలి. ఒకాయన "చివర్లో ఇద్దర్నీ కలిపితే వేస్తాం" అని నా కథ తిప్పి పంపాడు. కలపలేదు, అది ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. ఇంకొకాయన సగం కోసేసి పక్కన పిల్లి బొమ్మ వేయించాడు. కథలో పిల్లే లేదు! ఈ క్వాంటం లెక్కని పెద్ద వస్తువులకి పట్టిస్తే ఎంత విడ్డూరమో చూపడానికి, ఒకేసారి బతికీ చచ్చీ ఉన్నట్టు తేలే పిల్లిని ష్రోడింగర్ 1935లో ఊహించాడు, ఆ పిల్లి అది. క్వాంటం అంటే చాలు, మనవాళ్లకి అదే బొమ్మ.

కత్తెర ఎవరెట్‌నీ వదల్లేదులే. అప్పట్లో క్వాంటం రంగానికి పెద్దదిక్కైన బోర్ నొచ్చుకుంటాడని గైడు వీలర్ ఆయన థీసిస్‌ని బాగా కుదింపించాడు. 1959లో కోపెన్‌హాగన్ వెళ్లి బోర్‌ని కలిసినా లాభం లేకపోయింది. అప్పటికే ఎవరెట్ అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌లో ఉద్యోగంలో ఉన్నాడు. 1970లో డెవిట్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ ఆలోచనని గట్టిగా ఎత్తుకునేదాకా పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఏడో పేజీ నుంచి తిరగరాయి. డాక్టర్ని తీసెయ్. బదులుగా ఫిజిక్స్ లెక్చరర్ని తెస్తానంటావేమో, వద్దు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి పంపు, నా కళ్లద్దాలు మార్చాలి.

ఉంటాను.