మేనకోడలికి, జీతం లెక్క గురించి

అమ్మలూ,

ఈసారి నీకు ఐదు శాతమే హైక్ వచ్చిందని, నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 2021లో కంపెనీ మారిన నీ స్నేహితురాలి జీతం రెట్టింపైందట, నువ్వేమో ఉన్నచోటే ఉండిపోయానంటున్నావట. ఆ మాట లెక్క వేసి చూశాకే అంటున్నావా, తల్లీ?

బడిపంతులుగా నాకు ఒక సౌకర్యం ఉండేది. జీతంలో పెరిగిన ప్రతి రూపాయికీ ఒక పేరుండేది. ధరలు పెరిగినందుకు డీఏ. అందరి స్కేళ్లూ మారిస్తే పీఆర్సీ. ఏడాది సర్వీసుకు ఇంక్రిమెంటు. జీఓ, ఈఓ అనే డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసై హెడ్మాస్టర్‌నయ్యాక పెరిగింది మాత్రం రాత్రిళ్లు కూర్చుని చదివి నేను తెచ్చుకున్నది. 1991లో ధరలు 13 శాతానికి పైగా పెరిగాయి. డీఏ పడిన నెల మీ అత్తయ్య ముఖం వెలిగేది, కిరాణా కొట్టు బాకీ తీర్చేసరికి చేతిలో ఏమీ మిగిలేది కాదు. అంకె పెరిగింది, మేం పెరగలేదు.

నీ పే స్లిప్‌లో ఇవన్నీ కలిసిపోయి వస్తాయి కాబట్టి నువ్వే విడదీసుకోవాలి. 2021-22లో నీకు నెలకు 50 వేలు, 2024-25లో 63 వేలు. 2021-22 తర్వాతి మూడేళ్లలో ద్రవ్యోల్బణం, అంటే ధరల పెరుగుదల, వరసగా 6.7, 5.4, 4.6 శాతం. చక్రవడ్డీలా కడితే, అప్పుడు 50 వేలకు కొన్నవి కొనడానికే ఇప్పుడు సుమారు 58,800 కావాలి. అంటే నువ్వు నిజంగా ఎదిగింది 13 వేలు కాదు, నాలుగు వేల పైచిలుకు. చిన్నదే, కానీ అది నీ సొంతం. ఇంకో సంగతి చూడు. 2025 జూలైలో ద్రవ్యోల్బణం రెండు శాతం కూడా లేదు. ధరలు 6.7 శాతం పెరిగిన ఏడాది వచ్చే ఎనిమిది శాతం హైక్ కంటే, ధరల పెరుగుదల తీసేసి చూస్తే, ఇప్పటి నీ ఐదే ఎక్కువ.

నీ స్నేహితురాలు తెలివైనదే. అయితే 2021లో అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా, అప్పు చౌకగా దొరికి కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకున్నాయి. 2022 మార్చి నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు వాళ్లు ఆ వడ్డీని పెంచుతూ పోయి, 2023 జూలైకి ఐదు శాతం దాటించారు. ఇక్కడ హైదరాబాద్‌లో తలుపులు మూసుకున్నాయి. అందులో నీ తప్పేముంది?

కాలం తెచ్చినదాన్ని నా గొప్పో నా తప్పో అనుకునే ఈ పొరపాటు నేనూ చేశాను. తుళ్లూరు దగ్గర స్థలం కొన్నాను. 2014, 15ల్లో రాజధాని వస్తోందని ధర ఎగిరినప్పుడు నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చి ధర పడిపోతే, వెర్రివాణ్ణయ్యానని నిద్రపోలేదు. నేను చేసింది రెండుసార్లూ ఏమీ లేదు.

మరి నిన్ను నువ్వు ఎప్పుడు నిలదీసుకోవాలి? నీ పనే చేసే చుట్టుపక్కల వాళ్లందరికీ పెరిగి, నీకు మాత్రం రెండేళ్లు వరసగా పెరగనప్పుడు. అప్పుడు కొత్త పని నేర్చుకో, లేదా చోటు మారు. అంతవరకు ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టు, కొత్త ఈఎంఐ తల మీద పెట్టుకోకు. ఒక నోటుబుక్ కొని, ఎడమ పేజీలో జీతం, ఆ ఏడాది ధరలు రాయి. కుడి పేజీలో పోయినేడు చేతకాక, ఈ ఏడు ఒంటరిగా చేయగలిగిన పనులు రాయి. జీతం కంటే నాకు ఆ కుడి పేజీ మీదే నమ్మకం.

దసరాకు వచ్చేటప్పుడు అది పట్టుకురా. నా పాత పే బిల్లులు అటక మీద నుంచి దింపించి ఉంచుతాను. ముందు కడుపు నిండా అన్నం తిను.

ఆశీస్సులతో,
మీ మామయ్య