సర్పి పొక్కులు మానినా మంట ఎందుకు తగ్గదు?

అమలాపురంలో మీ అమ్మగారికి సర్పి మాని నాలుగు నెలలైనా, పక్కటెముకల మీద చీర కొంగు తగిలితే చాలు మంటంటున్నారని రాశారు. ఆవిడ మాట నమ్మండి. రావులపాలెంలో మా నాన్నగారు ఇదే బాధతో ఏడాది పాటు ఫ్యాను గాలి కూడా ఓర్చుకోలేకపోయారు.

చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్ను పక్కన నరాల మూలాల్లో దాక్కుని, వయసు మీదపడ్డాకో ఒంట్లో శక్తి తగ్గాకో ఒక నరం వెంట బయటికొస్తుంది. అందుకే పొక్కులు ఒక పక్కనే పట్టీలా వస్తాయి. చర్మం మానుతుంది గానీ, దెబ్బతిన్న నరం మెదడుకి నొప్పి కబురు పంపుతూనే ఉంటుంది.

మామూలు నొప్పి బిళ్లలు దీనికి పెద్దగా పనిచేయవు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టరు తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. గుణం కనిపించడానికి వారాలు పట్టొచ్చు. ఈలోగా మత్తు, తూలుడు ఉండొచ్చు. రాత్రి బాత్రూముకి లేచినప్పుడు పక్కన ఎవరైనా ఉండాలి, మా ఇంట్లో ఇది ఆలస్యంగా తెలిసింది. కిడ్నీ జబ్బుంటే డాక్టరుకి ముందే చెప్పండి. మందు ఒక్కసారిగా ఆపొద్దు. మన ఉక్కపోతకి వదులైన మెత్తటి నూలు బట్టలు కాస్త నయం.

ఇంట్లో ఇంకెవరికైనా పొక్కులు కనిపిస్తే పసరు పూతలతో రోజులు పోగొట్టకండి. యాంటీవైరల్ మందు పొక్కులొచ్చిన 72 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ మేలు. కంటి దగ్గరొస్తే అదే రోజు వెళ్లండి. 50 దాటినవాళ్లకు రెండు డోసుల టీకా కూడా ఉంది.