విశాఖ నుంచి గండికోట: ఒక రాత్రి కోట దగ్గరే ఉండేలా చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: విశాఖ నుంచి గండికోట వెళ్లి పెన్నా లోయ చూడాలి. ఇద్దరు చిన్నపిల్లలు, అరవై దాటిన అమ్మానాన్నలు వెంట ఉంటారు. శుక్రవారం బయలుదేరి సోమవారం ఆఫీసు టైముకి ఇంటికి చేరాలి. ఏ రైలు ఎక్కాలి, ఎక్కడ ఉండాలి, పిల్లలతో ఇబ్బంది లేదా, అంత దూరం పోయేకన్నా పాపికొండలు చూసుకుంటే చాలదా అని అడిగారు. మేం ఎంవీపీ కాలనీ నుంచి ఇలాగే పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకుని డిసెంబరులో వెళ్లొచ్చాం. మాకు ఎదురైనవి చూసి చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. గండికోటను మధ్యాహ్నం పూట చూసి వెనక్కి వచ్చే ప్లాన్ మాత్రం వేసుకోకండి. చాలామంది బెలుం గుహలు, గండికోట, ఇంకేదో గుడి, అన్నీ ఒకే రోజులో పెట్టుకుని రెండు గంటల ఎండలో అంచు దాకా నడిచి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మేం అక్కడ ఉన్నప్పుడు కూడా అలా వచ్చి వెళ్లినవాళ్లు కనిపించారు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆ లోయ అంతా ఒకే రంగులో చప్పగా ఉంటుంది. పొద్దున ఎండ రాతి గోడ పైఅంచు మీద పడి, ఒక్కో పొరా దాటుకుంటూ కిందికి దిగుతుంది. అప్పుడుగానీ ఆ బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఎన్ని వరసల్లో ఉన్నాయో తెలియదు. సాయంత్రం అదే రాయి ఎర్రబడుతుంది. ఈ రెండు పూటల కోసమే అంత దూరం వెళ్లాలి. అందుకే రాత్రి అక్కడే ఉండాలి. మిగతా ప్లాన్ అంతా దాని చుట్టూ వేసుకోండి.

పాపికొండల సంగతి. అది బాగుండదని ఎవరంటారు? గోదావరి మీద లాంచీలో కూర్చుని రెండు పక్కలా కొండలు దగ్గరకు జరుగుతుంటే చూడటం ఒక సుఖం, పైగా మనకు దగ్గర. కానీ అక్కడ మనం కింద నీళ్ల మీద ఉండి తలెత్తి కొండల్ని చూస్తాం. గండికోటలో పైన బండ మీద నిలబడి, సుమారు 300 అడుగుల కింద పారే నదిని చూస్తాం. అక్కడంతా పచ్చదనం, ఇక్కడంతా రాయి. ఒకటి చూసినంత మాత్రాన రెండోది చూసినట్టు కాదు. ఇంకో మాట, గోదావరికి వరదొచ్చే రోజుల్లో లాంచీలు ఆపేస్తారు. గండికోటకు ఆ బెడద లేదు. మీకు మూడు రాత్రులు చేతిలో ఉన్నాయి కాబట్టి ఈసారి గండికోటకే వెళ్లండి. పాపికొండలు ఎప్పుడైనా ఒక చిన్న సెలవులో పెట్టుకోవచ్చు.

ఇక ప్రయాణం. రోడ్డు మీద 700 కిలోమీటర్ల పైమాటే. పెద్దవాళ్లతో కారులో వద్దు. శుక్రవారం మధ్యాహ్నం తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరుపతి మీదుగా మర్నాడు పొద్దున కడపలో దిగొచ్చు. రాత్రి నిద్ర రైల్లోనే అయిపోతుంది, అది పెద్ద సుఖం. కడప నుంచి గండికోట సుమారు 80 కిలోమీటర్లు, కారు మాట్లాడుకోండి. దారిలో ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనులు, పాలిష్ యూనిట్లు కనిపిస్తాయి. మన వంటింటి గట్టు మీద పరిచే కడప బండ ఈ ప్రాంతంలోదే. పిల్లలకు చూపించండి, మా వాళ్లు దాన్ని గుర్తుపట్టి చాలా సంబరపడ్డారు. గండికోటకు ఇంకా దగ్గర్లో ముద్దనూరు రైల్వే స్టేషన్ ఉంది. అయినా సామాన్లతో, పెద్దవాళ్లతో దిగేవాళ్లకు కడపే మేలు. అక్కడ టిఫిన్ చేసి, స్నానం కావాలంటే రూము తీసుకుని తీరిగ్గా బయలుదేరొచ్చు. ఎర్రకారం దోసె మాత్రం వదలకండి. పిల్లలకు కారం తగ్గించమని ముందే చెప్పండి, అక్కడి కారం మన కారంలాంటిది కాదు.

తిరుగు ప్రయాణం వచ్చిన దారినే వద్దు. ఆదివారం పొద్దున గండికోట నుంచి బెలుం గుహలకు, అక్కడి నుంచి నంద్యాలకు వెళ్లండి. నంద్యాల నుంచి రాత్రి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. గుంటూరు, విజయవాడ మీదుగా సోమవారం మన వైపు వస్తుంది. టికెట్ తీసేముందు ఆ రోజు టైమింగ్స్, అది విశాఖ స్టేషన్‌కి వస్తోందా దువ్వాడ మీదుగా పోతోందా, రెండూ చూసుకోండి. ఎటు చూసినా తొమ్మిదిన్నరకల్లా సీట్లో కూర్చోవడం కష్టం. సోమవారం సగం రోజు సెలవు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఉండటానికి కోటకు దగ్గర్లో ఏపీ టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి జనం కార్లలో వచ్చేస్తారు, రూములు త్వరగా అయిపోతాయి. అందుకని ముందు రూము దొరికిందో లేదో చూసుకుని తర్వాతే రైలు టికెట్లు తీయండి. మనవాళ్లు మామూలుగా దీనికి తలకిందులుగా చేస్తారు. రూము దొరక్కపోతే 15 కిలోమీటర్ల దూరంలో జమ్మలమడుగులో లాడ్జీలు ఉన్నాయి. అప్పుడు తెల్లవారుజామునే లేచి రావాల్సి ఉంటుంది, డ్రైవరుతో ముందు రోజే మాట్లాడుకోవాలి. టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా ఉంటారు. మీ అమ్మానాన్నలతో అది వద్దు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆ గుట్ట మీద చలి గట్టిగానే ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకోండి. నిజంగానే చెబుతున్నాను, పడుకోండి. మూడున్నరకి లేచి కోటలోకి వెళ్తే సరిపోతుంది. లోపల ఒక ఊరే ఉంది, జనం కాపురాలు చేసుకుంటున్నారు. సన్న సందులు, ఇళ్ల ముందు గేదెలు, అరుగుల మీద పెద్దవాళ్లు. వాళ్లను అడక్కుండా ఫొటోలు తీయకండి. మాధవరాయస్వామి గుడి, దాని గోపురం ముందు చూడండి. తర్వాత జామియా మసీదు, పక్కనే పెద్ద ధాన్యాగారం, ఆ తర్వాత రంగనాథస్వామి గుడి. పెమ్మసాని నాయకులు విజయనగర రాజుల కింద ఈ కోటను ఏలారు. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఆయన్ను కలవడానికి ఇక్కడిదాకా వచ్చాడు. కోటకు ఒక పక్క గోడ కట్టాల్సిన పనే లేకుండా ఈ లోయే కాపు కాసింది. పిల్లలకు ఆ మాట అంచు దగ్గర నిలబెట్టి చెబితే చరిత్ర ఇట్టే ఎక్కుతుంది.

ఇప్పుడు మీరు అసలు భయపడుతున్న సంగతి, ఆ అంచు. కైలాసగిరి మీద ఉన్నట్టు ఇనుప కమ్మీలు ఉంటాయని అనుకోవద్దు. రంగనాథస్వామి గుడి దాటాక పెద్ద పెద్ద బండల మీదుగా ఎక్కుతూ, దిగుతూ వెళ్లాలి. చాలా చోట్ల బండ చివర ఒక్కసారిగా ఆగిపోతుంది, అవతల ఏమీ ఉండదు. చిన్నపిల్లల విషయంలో మేం పెట్టుకున్న పద్ధతి చెబుతాను. ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద మనిషి, చెయ్యి వదలడానికి లేదు, ఆ మనిషి ఫోన్ బయటికి తీయడానికి లేదు. ఫొటోలు ఇంకొకరు తీయాలి. అంచుకు పది అడుగుల ఇవతలే కూర్చోబెట్టండి. అక్కడి నుంచి కూడా నది వంపు బాగా కనిపిస్తుంది. బండ మీద సెల్ఫీ కోసం చివరిదాకా వెళ్లే కుర్రాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మీ పిల్లలు వాళ్లను చూసి నేర్చుకోకుండా కాస్త దూరంగా చోటు చూసుకోండి. చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. వాన పడితే ఆ రోజుకి గుడి దగ్గరే ఆగిపోండి, తడి బండ నమ్మదగింది కాదు. చీకటి పడకముందే వెనక్కి నడవడం మొదలుపెట్టండి, జేబులో టార్చి ఉండాలి.

నీళ్లు ఎంత ఉంటాయన్నది ఏడాదిని బట్టి. లోయకు ఎగువన గండికోట ప్రాజెక్టు ఉంది, దిగువన మైలవరం రిజర్వాయరు. వానలు బాగా పడిన ఏడు వెళ్తే లోయ అడుగున ఆకుపచ్చ నీళ్లు నిండుగా కనిపిస్తాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే అక్కడి ఎండ మన సముద్రపు గాలికి అలవాటు పడినవాళ్లు తట్టుకోలేరు, ఆ బండలు సాయంత్రం కూడా వేడిగానే ఉంటాయి. పిల్లల వేసవి సెలవుల్లో అయితే వద్దే వద్దు. సంక్రాంతి సెలవులు చూసుకోండి. అయితే గండికోట ఉత్సవాలు ఆ దగ్గర్లో పెడితే జనం విపరీతంగా వస్తారు, తేదీలు తెలుసుకుని తప్పించుకోండి.

ఆదివారం సూర్యోదయం చూశాక బెలుం. మనం బొర్రా గుహలు చూసినవాళ్లం కదా, ఇదీ అలాంటిదే అనుకుంటాం. బొర్రా ఎత్తుగా, విశాలంగా ఉంటుంది. బెలుం నేల కింద పొడుగ్గా పోతుంది. మొత్తం 3,229 మీటర్లు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనల్ని తిరగనిస్తారు. కొన్ని చోట్ల వంగి నడవాలి. అడుగున పాతాళగంగ దాకా వెళ్లేసరికి ఉక్కపోతకు చెమటలు కారిపోతాయి. పిల్లలకు తెగ నచ్చుతుంది. పెద్దవాళ్లకు బీపీ, ఆయాసం ఉంటే మాత్రం పైనే కూర్చోబెట్టండి.

మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులని రాశారు. మా అత్తయ్యకీ అంతే. ఆవిడ్ని రంగనాథస్వామి గుడి దాకా మెల్లగా నడిపించి, అక్కడ మండపంలో కూర్చోబెట్టాం. మాలో ఒకరు తోడు ఉండి, మిగతావాళ్లం వంతులవారీగా బండల మీదికి వెళ్లొచ్చాం. మడతపెట్టే చిన్న కుర్చీ ఒకటి పట్టుకెళ్లండి, ఆయనకు ఎక్కడ కావాలంటే అక్కడ వేయొచ్చు. గుడి దాటాక బండలు మొదలయ్యే చోట కొంచెం చదునుగా ఉంటుంది. అక్కడిదాకా ఇద్దరు పట్టుకుని తీసుకెళ్లగలిగితే లోయ అవతలి గోడ ఆయనకూ కనిపిస్తుంది. పొద్దున కంటే సాయంత్రమే తీసుకెళ్లండి. పొద్దున చలికి మోకాళ్లు పట్టేసి ఉంటాయి, పైగా చీకట్లో నడిపించాల్సి వస్తుంది.