కుక్కను బ్రిటన్ తీసుకెళ్లాలంటే టికెట్ కన్నా ముందు సూది తేదీలు చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: మీ ఆయనకి లండన్ దగ్గర ఉద్యోగం వచ్చింది, రెండున్నర నెలల్లో చేరాలి, హైదరాబాద్ ఇంట్లో మూడేళ్ల వీధి కుక్క ఉంది, రేబిస్ సూది ఏటా వేయిస్తున్నారు కానీ చిప్ (గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్) లేదు, అందరం కలిసి ఒకేసారి వెళ్లగలమా అని.

కలిసి వెళ్లడం కుదరదండి. ఎంత డబ్బు పెట్టినా, ఏ ఏజెంట్‌ని పట్టుకున్నా కుదరదు. కానీ మీ కుక్క మాత్రం ఖచ్చితంగా వెళ్లగలదు, కాస్త ఆలస్యంగా. మేము కూకట్‌పల్లి నుంచి మా చిట్టిని ఇలాగే తెచ్చుకున్నాం, అదీ వీధి కుక్కే, ఇప్పుడు లండన్ దగ్గరి రెడింగ్‌లో మాతోనే ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఎందుకు కుదరదో చెప్తాను. బ్రిటన్‌లో 1922 తర్వాత గబ్బిలాల్లో తప్ప అక్కడి జంతువుల్లో రేబిస్ లేదు. మన దగ్గర పరిస్థితి మీకు తెలిసిందే. అందుకే వాళ్ల లెక్కలో ఇండియా 'జాబితాలో లేని దేశం'. అలాంటి దేశం నుంచి వచ్చే కుక్కకైనా పిల్లికైనా చిప్, రేబిస్ సూది ఉంటే సరిపోదు, ఆ సూది ఒంట్లో పనిచేసిందని రక్తపరీక్షతో రుజువు కావాలి, ఆ పైన మూడు నెలలు ఆగాలి. 2012కి ముందు అయితే మన దేశం నుంచి వెళ్లే కుక్క ఆరు నెలలు క్వారంటైన్‌లో ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ నిరీక్షణ మన ఇంట్లోనే, మన మంచం పక్కనే గడిచిపోతుంది. నాకైతే ఇది చాలా మంచి మార్పు అనిపిస్తుంది.

ఇక వరుస. మొదట చిప్, తర్వాత రేబిస్ సూది. రెండూ ఒకే రోజు చేయించొచ్చు, కానీ చిప్ ముందు పడాలి. చిప్ లేనప్పుడు వేసిన సూదులు ఎన్ని ఉన్నా వాళ్లు లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే ఆ సూది ఈ కుక్కకే వేశారని చెప్పడానికి ఆధారం ఉండదు. కాబట్టి మీరు ఏటా వేయించినవి కుక్క ఆరోగ్యానికి మంచిదే, ప్రయాణానికి మాత్రం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. చిప్ పదిహేను అంకెలది, ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ ప్రమాణానిది అడగండి. వేయగానే స్కానర్ పెట్టి ఆ నంబర్ మీ కళ్ల ముందు చదివించండి.

సూది వేసిన రోజు నుంచి కనీసం 30 రోజులు గడిచాక రక్తం తీయించాలి. ఫలితంలో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 ఐయూ (వాటిని కొలిచే యూనిట్) లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. రక్తం తీసిన తేదీ నుంచి (రిపోర్ట్ వచ్చిన తేదీ నుంచి కాదు) మూడు నెలలు. ఉదాహరణకి జనవరి 5న చిప్, సూది అయితే, ఫిబ్రవరి 4న రక్తం తీయిస్తే, మే 4 తర్వాతే బ్రిటన్‌లో అడుగుపెట్టాలి. అంటే అన్నీ సవ్యంగా జరిగినా నాలుగు నెలలు. మీ చేతిలో ఉన్నది రెండున్నర.

కొందరు ఏజెంట్లు 'పాత తేదీతో సూది కార్డు రాయిస్తాం, ల్యాబ్‌ది మేం చూసుకుంటాం' అంటారు. మాకూ ఒకాయన అలాగే చెప్పాడు. ఫోన్ పెట్టేయండి. అక్కడ పట్టుబడితే నష్టపోయేది ఆయన కాదు, మీ కుక్క. రూల్స్ ప్రకారం లేకపోతే నాలుగు నెలల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు, వెనక్కి పంపేయొచ్చు, ఆ ఖర్చంతా మీదే.

రక్తపరీక్ష అన్ని ల్యాబ్‌లదీ చెల్లదు. ఆమోదం ఉన్న ల్యాబ్‌ల జాబితా ఉంటుంది, ఆ జాబితాలో పేరు చూసుకున్నాకే శాంపిల్ పంపండి. సీరమ్ (రక్తంలోని నీరు లాంటి భాగం) వేరు చేసి చల్లగా ఉంచి పంపాలి కాబట్టి శుక్రవారం తీయించి కొరియర్ ఆఫీసులో వారాంతమంతా పడి ఉండేలా చేసుకోవద్దు, వారం మొదట్లో తీయించండి. ఫలితం 0.5 కన్నా తక్కువ వస్తే మళ్లీ సూది, మళ్లీ నిరీక్షణ.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మా చిట్టికి సూది వేసిన క్లినిక్‌లో కార్డు మీద చిప్ స్టిక్కర్ అంటించి, రిజిస్టర్‌లోనూ ల్యాబ్ ఫారంలోనూ చేత్తో రాశారు. ఫారంలో చివర ఉండాల్సిన '64' కాస్తా '46' అయింది. మా ఆవిడ స్టిక్కర్ మీద వేలు పెట్టి ఒక్కో అంకే పైకి చదువుతుంటే నేను ఫారంలో చూస్తూ వచ్చాను కాబట్టి అక్కడికక్కడే పట్టుకున్నాం, శాంపిల్ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. అది అలాగే పోయి ఉంటే రిపోర్ట్ ఇంకో కుక్కది అయిపోయేది, మూడు నెలలూ వృథా. ప్రతి కాగితం మీదా ఇలా ఇద్దరు కూర్చుని చదువుకోండి: చిప్ నంబర్, పుట్టిన తేదీ, ఆడా మగా, రంగు, జాతి. వీధి కుక్కకి జాతి దగ్గర ఒకచోట 'మిక్స్‌డ్' అని, ఇంకోచోట 'ఇండియన్ పరియా' అని రాయిస్తుంటారు. ఏదో ఒకటి అనుకుని అన్నిచోట్లా అదే రాయించండి. ఈ మాట చదువుతున్న మిగతా వాళ్లకి కూడా: పిట్‌బుల్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో, ఎక్స్‌ఎల్ బుల్లీ జాతులకి బ్రిటన్‌లో నిషేధం ఉంది, పోలికలు ఉన్నా ఇబ్బందే.

రేబిస్ బూస్టర్ గడువు ఒక్క రోజు కూడా దాటనివ్వకండి. గడువు తప్పకుండా వేయిస్తూ ఉంటే ఈ రక్తపరీక్ష మళ్లీ చేయించాల్సిన పని లేదు. తప్పితే మాత్రం 30 రోజులు, రక్తం, మూడు నెలలు, అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

మీ విషయంలో నా సలహా: మీ ఆయన టైముకి వెళ్లి చేరిపోనివ్వండి, మీరు కుక్కతో ఉండి తర్వాత వెళ్లండి. యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య ఐదు రోజుల కన్నా ఎక్కువ తేడా ఉండకూడదని రూల్ ఉంది, దాటితే వ్యాపారం కోసం తెచ్చే జంతువుల రూల్స్ వర్తిస్తాయి, అవి ఇంకా కష్టం. కాబట్టి కార్డు దగ్గర నుంచి కార్గో బుకింగ్ దాకా అన్నిటిమీదా మీ పేరే యజమానిగా పెట్టించండి, మీ ఆయన పేరు వద్దు. మీరు ఉద్యోగం వల్ల ఆగలేకపోతే కుక్కను అమ్మావాళ్ల దగ్గర ఉంచి, టైము వచ్చాక ఒకరు వచ్చి తీసుకెళ్లడం రెండో దారి. మీ ఇద్దరి వీసాలు వచ్చాక హెచ్‌ఎమ్‌ఆర్‌సీకి (బ్రిటన్ పన్నుల శాఖ) ఆన్‌లైన్‌లో టీఓఆర్1 అనే దరఖాస్తు పెట్టండి, ఇల్లు మారుతున్న వాళ్లకి కుక్క మీద పన్ను మినహాయింపు దానివల్లే వస్తుంది, ఆ నంబర్ కార్గో వాళ్లు అడుగుతారు.

విమానం సంగతి. బ్రిటన్‌కి విమానంలో వచ్చే కుక్కలు, పిల్లులు కార్గోగానే దిగాలి, శిక్షణ పొందిన సహాయక కుక్కలకే మినహాయింపు. ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లొచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. కార్గో అనగానే సామాన్ల మధ్య చీకట్లో పడేస్తారని మా అమ్మ కూడా ఏడ్చింది. జంతువులను పెట్టే చోట గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత ప్రయాణికుల క్యాబిన్‌లో లాగే నియంత్రణలో ఉంటాయి, ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పండి. అసలు భయపడాల్సింది విమానం ఆగే టార్మాక్ మీద ఎండకి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఫ్లైట్ అస్సలు వద్దు, ఎండ ఎక్కువగా ఉంటే ఎయిర్‌లైన్ వాళ్లే తీసుకోకపోవచ్చు. రాత్రి లేదా తెల్లవారుజాము ఫ్లైట్, వీలైతే మధ్యలో మారాల్సిన పని లేనిది చూడండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఊపిరి సమస్య కాబట్టి చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు.

బోను కొలతలు ఐఏటీఏ (ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం) రూల్స్ ప్రకారం ఉండాలి. కుక్క ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకి, ముందు కాలు నేల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే బోను పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు బోను వెడల్పు. నిలబడినప్పుడు తల లేదా నిక్కబొడుచుకున్న చెవుల ఎత్తుకి పరుపు మందం కలిపితే బోను ఎత్తు. వీధి కుక్కలకి చెవులు నిలువుగా ఉంటాయి, అవి పైకప్పుకి తగలకూడదు. ప్లాస్టిక్ క్లిప్పుల బదులు ఇనప నట్లు బోల్టులు వేయించండి, నీళ్ల గిన్నె బయట నుంచి నింపేలా ఉండాలి.

ఆ బోను చిప్ వేయించిన వారమే కొనేయండి. కాగితాల కన్నా మీ కుక్కకి అసలు తయారీ ఇదే, చాలామంది దీన్ని ఆఖరి వారానికి వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. మేము మొదట తలుపు ఊడదీసి హాల్లో టీవీ కింద పెట్టాం. పెరుగన్నం గిన్నె లోపల చివరికి తోసేవాళ్లం. చిట్టి వెనక కాళ్లు రెండూ బయటే గట్టిగా తన్నిపెట్టుకుని, ఒళ్లంతా సాగదీసి, మెడ ఒక్కటి లోపలికి పోనిచ్చి తినేది, చిన్న చప్పుడు అయినా ఒక్క దూకులో వెనక్కి వచ్చేసేది. మేము తొయ్యలేదు, బతిమాలలేదు. గిన్నె అక్కడే, రోజూ అదే టైముకి. కొన్నాళ్లకి వెనక కాళ్లు కూడా లోపలికి వచ్చాయి, ఆ తర్వాత మధ్యాహ్నం నిద్ర అందులోనే. అప్పుడు తలుపు బిగించి, తినేంతసేపే మూసి, మెల్లగా టైము పెంచుతూ పోయాం. చివర్లో కారులో పెట్టి ఓఆర్‌ఆర్ (అవుటర్ రింగ్ రోడ్) మీద తిప్పాం, స్పీడ్ బ్రేకర్ల కుదుపు, లారీ హారన్లు అన్నీ అలవాటయ్యాయి. మత్తుమందు మాత్రం ఇవ్వొద్దు. రక్తపోటు పడిపోయి, ఊపిరి సరిగ్గా ఆడకపోతే పైన చూసేవాళ్లు ఉండరు, మత్తులో ఉన్న కుక్కను ఎయిర్‌లైన్ వాళ్లు కూడా తీసుకోరు. ప్రయాణం రోజున మా ఆవిడ ఉతకని పాత నైటీ లోపల పరిచాం.

ఆఖరి వారం టెన్షన్‌గానే ఉంటుంది. కుక్కకి బద్దెపురుగు మందు, అంటే ప్రాజిక్వాంటెల్ ఉన్నది, బ్రిటన్‌లో దిగే సమయానికి 24 గంటల నుంచి 120 గంటల లోపు డాక్టర్ చేతుల మీదుగా పడాలి, తేదీతో పాటు గంట కూడా సర్టిఫికెట్‌లో రాయాలి. ఆ దేశంలో లేని ఒక రకం బద్దెపురుగు మనుషులకి కూడా ప్రమాదం కాబట్టి ఈ రూల్ (పిల్లులకి లేదు). లెక్క ఇక్కడ బయల్దేరే టైముకి కాదు, అక్కడ చేరే టైముకి. ఫ్లైట్ లేటయినా సరిపోయేలా రెండు మూడు రోజుల ముందు ఇప్పించండి. బ్రిటన్ ఫార్మాట్‌లోని హెల్త్ సర్టిఫికెట్‌కి ప్రభుత్వ అధికారి ధ్రువీకరణ కావాలి, మన దగ్గర ఎగుమతి పత్రాలు చూసేది కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద ఉన్న ఏక్యూసీఎస్ అనే జంతువుల క్వారంటైన్ విభాగం, హైదరాబాద్‌లోనూ స్టేషన్ ఉంది. సర్టిఫికెట్ ఇచ్చిన పది రోజుల్లోపు బ్రిటన్ చేరాలి. డ్రాఫ్ట్ ముందే చూపించి, ఏం కొట్టేయాలి, ఏం ఉంచాలి అడిగి తెలుసుకుంటే ఆ రోజు పరుగులు తగ్గుతాయి.

హీత్రూలో దిగాక జంతువుల రిసెప్షన్ సెంటర్‌లో చిప్ స్కాన్ చేసి, కాగితాలు సరిచూసి ఇస్తారు, కొన్ని గంటలు పడుతుంది, మీరు బయట ఎదురుచూడాలి. పెడిగ్రీ ప్యాకెట్లు, నమిలే ఎముకలు సూట్‌కేసులో పెట్టుకోకండి, మాంసం, పాల పదార్థాలు ఇండియా నుంచి తేనివ్వరు. అద్దె ఇల్లు వెతికేటప్పుడు మీ ఆయన్ని కుక్క ఉందని మొదటి ఫోన్‌లోనే చెప్పమనండి, ఇల్లు దొరకడానికి టైము పడుతుంది, ఆ నాలుగు నెలలు అందుకు పనికొస్తాయి.

ఖర్చు లక్షల్లోనే ఉంటుంది, ఎక్కువ భాగం కార్గోకే పోతుంది. 'కుక్కకి అంత ఖర్చా' అని చుట్టాలు అంటారు, మాకూ అన్నారు. మీకు భారం కాకపోతే ఆ మాట పట్టించుకోకండి. కానీ కుక్క బాగా ముసలిదై గుండె జబ్బు ఉంటేనో, ఊపిరి ఇబ్బంది ఉంటేనో, దానికి తెలిసిన మనుషుల దగ్గర వదిలి వెళ్లడాన్ని నేను తప్పు పట్టను. మూడేళ్ల ఆరోగ్యమైన కుక్కకి ఆ భయం లేదు.

అమెరికా వెళ్లేవాళ్లు ఈ లెక్కలు వాడకండి. అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ 2024 ఆగస్టు 1 నుంచి రూల్స్ మార్చింది, ఫారాలూ గడువులూ వేరు, రక్తపరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్ ఉంది.

మీరు ఈ వారమే చిప్, సూది రెండూ వేయించేయండి, వీసా వచ్చేదాకా ఆగొద్దు, ఒకవేళ వెళ్లడం ఆగిపోయినా దానివల్ల కుక్కకి నష్టమేమీ లేదు. వేయించాక తేదీ, మీ ఆయన వెళ్లే నెల రాయండి, రక్తం ఎప్పుడు తీయించాలో, ఏ వారం ఫ్లైట్ చూడాలో లెక్క వేసి చెప్తాను.