మట్టి వినాయకుడి తొండం ఊడిపోతోందా?

మీరు చేసిన వినాయకుడికి అతికించిన తొండం తెల్లారేసరికి ఊడి కిందపడుతోందంటే, తప్పు మట్టిది కాదండీ, అతుకుది. ఒళ్ళు అప్పటికే కాస్త ఆరి ఉంటుంది, తొండం పచ్చిగా ఉంటుంది, ఆ పచ్చిది ఆరేకొద్దీ కుంచించుకుపోయి విడిపోతుంది.

1. రెండూ ఒకే తడిలో ఉన్నప్పుడే అతికించండి.

2. అందరూ వదిలేసేది ఇదే. అతికే చోట రెండువైపులా పుల్లతో అడ్డంగా నిలువుగా గీతలు గీకి, అదే మట్టిని నీళ్ళతో పెరుగులా కలిపి పూసి, అప్పుడు కొంచెం అటూఇటూ కదుపుతూ నొక్కాలి, ఉత్త నీళ్ళు రాస్తే జారుతుందే గానీ పట్టదు (నేనైతే మొదట్లో గమ్ కూడా పూశా, నవ్వకండి).

3. ఎండ వద్దు, ఫ్యాన్ అసలే వద్దు. తడిగుడ్డ కప్పి నీడలో రెండ్రోజులు ఉంచి తర్వాత తీసేయండి.

ఊడిన తొండం ఎండిపోయుంటే మళ్ళీ అతకదు, నానబెట్టి కొత్తది చేసుకోండి.